లివర్ సిరోసిస్ ఉన్న మనిషిని ఇంట్లో చూసుకోవడం ఎలా: ఉప్పు భరిణె నుంచి ఊరి ప్రయాణం దాకా

మా బాపు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. జీవితంలో చుక్క ముట్టలేదు. షుగరు, దాంతోపాటు లివర్‌లో కొవ్వు, అది ముదిరి సిరోసిస్ అయింది. ఆరేళ్ళుగా హన్మకొండలో మా ఇంట్లోనే చూసుకుంటున్నాం. వార్డులో పక్క మంచం వాళ్ళు, చుట్టాలు, ఊళ్ళ నుంచి ఫోన్ చేసేవాళ్ళు అందరూ అడిగేది ఒకటే: "డిశ్చార్జ్ చేశారు, ఇంటికి తెచ్చుకున్నాం, ఇప్పుడేం చేయాలి?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మందులు, మోతాదులు డాక్టర్ చెప్పాల్సినవి. కానీ డాక్టర్ మన మనిషిని నెలకోసారి పది నిమిషాలు చూస్తారు. మిగిలిన రోజులన్నీ ఇంట్లోవాళ్ళ చేతిలోనే ఉంటాయి. మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగే తప్పు నిర్లక్ష్యం కాదు, పథ్యం పేరుతో మనిషిని మాడ్చడం. ఆ తప్పు మేమూ చేశాం. అది ఐదో భాగంలో వస్తుంది.

1. మొదట డాక్టర్‌ని అడిగి రాసుకోవాల్సినవి

సిరోసిస్ అంటే లివర్‌లో మచ్చలు పడి గట్టిపడటం. కొందరికి ఏళ్ళ తరబడి పైకి ఏమీ తెలియదు. కడుపులో నీరు చేరడం, రక్తపు వాంతి, కామెర్లు, మనిషి అయోమయంగా మాట్లాడటం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా జబ్బు రెండో దశకు వెళ్ళినట్టు. చూసుకునే పద్ధతి ఈ దశను బట్టి మారుతుంది.

డిశ్చార్జ్ రోజునే ఇవి అడగండి:

- జబ్బుకు కారణం ఏమిటి? హెపటైటిస్ బీనా, సీనా, మద్యమా, కొవ్వా?
- నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు ఎంత?
- రోజుకు ఉప్పు ఎంత? నీళ్ళు తగ్గించాలా, అక్కర్లేదా?
- అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు ఉన్నాయా? మళ్ళీ ఎండోస్కోపీ ఎప్పుడు?
- రాత్రిపూట ప్రమాదం వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలి?

కారణం తెలుసుకోవడం ఊరికే కాదు. హెపటైటిస్ సీ అయితే మాత్రలతో పూర్తిగా పోతుంది. సిరోసిస్ ముదిరినవాళ్ళకు కోర్సు 24 వారాల దాకా ఉండొచ్చు. బీ అయితే వైరస్‌ను అదుపులో ఉంచే మాత్ర రోజూ వేసుకోవాలి, బాగుందని సొంతంగా ఆపితే లివర్ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. ఈ రెండింటికీ 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. మీ జిల్లాలో ఏ ప్రభుత్వ దవాఖానలో ఇస్తున్నారో అడిగి తెలుసుకోండి. బీ ఉంటే ఇంట్లో మిగతావాళ్ళందరూ పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోవాలి. రేజర్, టూత్‌బ్రష్ వేరుగా ఉంచితే చాలు. కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు.

2. ఇంట్లో పెట్టుకోవాల్సిన సామాను

- బరువు చూసే మెషీన్. ఎప్పుడూ ఒకే చోట, గట్టి నేల మీద ఉండాలి
- బీపీ మెషీన్, థర్మామీటర్
- సిరప్ కొలిచే మూత, ఒక చిన్న చెంచా
- వారానికి సరిపడా గళ్ళున్న మాత్రల డబ్బా
- 200 పేజీల నోట్‌బుక్, దారంతో కట్టిన పెన్ను
- ఒక ఫైలు: పైన తాజా మందుల చీటీ, దాని కింద కొత్త నుంచి పాతకు రిపోర్టులు

ఇంకొకటి, ఇది సామాను కాదు. ఇంట్లో ఒక్క మనిషికి ఈ బాధ్యత అప్పగించండి. నలుగురు చూసుకుంటే "నువ్వు వేశావనుకున్నా" అనే మాట దగ్గర ఒక పూట మందు పోతుంది. మా ఇంట్లో మాత్రల డబ్బా అమ్మది, నోట్‌బుక్ నాది.

3. పొద్దున్నే పది నిమిషాలు

లేచి, మూత్రానికి వెళ్ళొచ్చాక, చాయ్ తాగకముందే ఇదే వరుసలో చేయండి:

మొదట బరువు. రోజూ ఒకే రకం బట్టలతో. తర్వాత కూర్చోబెట్టి ఐదు నిమిషాలాగి బీపీ. కాళ్ళ మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతుందా చూడండి. నిన్న మోషన్ ఎన్నిసార్లు అయిందో అడిగి రాయండి. చివరగా ఆ తేదీ పక్కనే వాళ్ళచేత సంతకం పెట్టించండి.

సంతకం ఎందుకంటే, బుర్ర మసకబారడం మొదలైతే చేతిరాతలో తొందరగా కనిపిస్తుంది. నోట్‌బుక్‌లో పాత పేజీలు తిప్పితే తేడా మనకే తెలుస్తుంది. బాపుకు నేను ఇంకో పరీక్ష పెట్టుకున్నాను. హన్మకొండ నుంచి కరీంనగర్ దాకా స్టాపులు చెప్పమంటాను. హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజురాబాద్, కేశవపట్నం, మానకొండూరు అని టికెట్ కొట్టినట్టు చెప్పేస్తాడు. ఆ రూట్లో ఎన్నేళ్ళు తిరిగాడో! ఒకరోజు ఎల్కతుర్తి తర్వాత ఆగిపోయి, మళ్ళీ హసన్‌పర్తి అన్నాడు. మాట స్పష్టంగానే ఉంది, నడక బాగానే ఉంది. ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేశాం, దవాఖానలో చేరాల్సిన అవసరం రాలేదు. మీ మనిషికి కంఠతా వచ్చినది ఏదైనా తీసుకోండి: మనవల పేర్లు, ఎక్కాలు, చేన్ల హద్దులు. దవాఖానల్లో ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో అడుగుతారు. పది కూడా రాకపోతే అది మసకకు గుర్తు.

నోట్‌బుక్ అట్ట మీద ఈ లెక్కలు అతికించండి:

- రెండు మూడు రోజుల్లో కిలో కన్నా ఎక్కువ పెరిగితే: నీరు చేరుతోంది, ఫోన్ చేయాలి
- నీరు పోయే మాత్రల మీద, కాళ్ళ వాపు లేనివాళ్ళు రోజుకు అర కిలో కన్నా, వాపున్నవాళ్ళు కిలో కన్నా ఎక్కువ తగ్గుతుంటే: మాత్ర ఎక్కువవుతోంది, ఫోన్ చేయాలి
- బీపీ పై అంకె 90 కన్నా తక్కువుంటే: ఉబ్బిన రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్, ప్రొప్రనలాల్ లాంటి మాత్ర వేసేముందు డాక్టర్‌ని అడగాలి
- జ్వరం 100.4 దాటితే: ఆ రోజే డాక్టర్ దగ్గరికి

4. ఉప్పు: కొలిచి పెట్టుకోవడం

కడుపులో నీరున్నవాళ్ళకు మామూలుగా చెప్పే లెక్క రోజుకు మొత్తం 5 గ్రాముల ఉప్పు. చిన్న చెంచా తలగొట్టి కొలిస్తే 6 గ్రాముల దాకా వస్తుంది. పాలల్లో, కూరగాయల్లో సహజంగా ఉండేది కూడా ఈ లెక్కలోకే వస్తుంది కాబట్టి మేము ముప్పావు చెంచాకు దాటనివ్వం.

"తక్కువ వేశాను" అనే మాటను నమ్మొద్దు. అమ్మకు పెళ్ళినాటి చెక్క కుంకుమ భరిణె ఒకటి ఉంది. పొద్దున ముప్పావు చెంచా ఉప్పు అందులో పోస్తుంది. రోజంతా బాపుకు ఉప్పు అందులోంచే. భరిణె ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే. మొదట్లో సాయంత్రానికే అడుగు కనిపించేది, రాత్రి చప్పిడి కూరతో కోపం వచ్చేది. వారం తిరిగేసరికి ఆయనే చూసి వాడుకోవడం నేర్చుకున్నాడు.

వండే పద్ధతి ఇది:

- పోపు, కారం, పులుపు అన్నీ వేసి, ఉప్పు వేయకముందే రోగి గిన్నె పక్కకు తీయండి.
- ఉప్పు కూరలో ఉడికించకుండా, కంచంలో పైన చల్లండి. నాలుకకు ముందే తగులుతుంది కాబట్టి తక్కువ ఉప్పే సరిపోతుంది.
- నిమ్మరసం, చింతపండు, కొత్తిమీర, పుదీన, ఎల్లిగడ్డ, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు లేని నువ్వుల పొడి పెంచండి.
- చల్లలో ఉప్పు పూర్తిగా మానండి.

కనిపించని ఉప్పు ఎక్కువగా ఉండేవి: తొక్కులు, అప్పడాలు, చల్ల మిరపకాయలు, ఎండు చేపలు, సకినాలు, మిక్చర్, బేకరీ బ్రెడ్, బిస్కెట్లు, గ్యాస్‌కని నీళ్ళలో కలుపుకునే పొడులు, మిర్చి బజ్జీలో వేసే తినే సోడా.

"ఉప్పుకు బదులు" అని అమ్మే తక్కువ సోడియం ఉప్పు కొనొద్దు. అందులో పొటాషియం ఉంటుంది. నీరు పోవడానికి స్పైరనోలాక్టోన్ మాత్ర వాడేవాళ్ళకు అసలే పొటాషియం పెరిగే గుణం ఉంటుంది, అది గుండె మీదికి రావొచ్చు. కొబ్బరినీళ్ళు కూడా ఇదే కారణంతో, రక్తపరీక్ష చూసి డాక్టర్ సరేనన్నాకే.

నీళ్ళ విషయంలో చాలామంది పొరబడతారు. కడుపులో నీరుందని తాగే నీళ్ళు తగ్గిస్తారు. నీరు చేరడానికి కారణం ఉప్పు. రక్తంలో సోడియం బాగా, అంటే 125 కన్నా కిందికి పడిపోయినప్పుడే డాక్టర్లు నీళ్ళు తగ్గించమంటారు. మన వరంగల్ మే నెల ఎండలో సొంతంగా నీళ్ళు కట్ చేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్న రోజున నీరు పోయే మాత్ర వేయాలా ఆపాలా అని ఫోన్ చేసి అడగండి.

ఇంకోమాట: ఉప్పు తగ్గించాక మనిషి తిండి సగానికి పడిపోతే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. తినకపోవడం కన్నా కొంచెం ఉప్పు నయం అని ఆయనే సర్దుబాటు చేస్తారు.

5. తిండి: తగ్గించడం కాదు, పెంచడం

మొదటి మూడు నెలలు మేము చేసిన పొరపాటు చెప్తాను. లివర్ జబ్బుకు పప్పు, గుడ్డు, మాంసం పడవని అందరూ అన్నారు. ఇడ్లీ, గంజి, బ్రెడ్, చప్పిడి చారు, ఇవే పెట్టాం. మెషీన్ మీద బరువు తగ్గలేదు కాబట్టి బాగానే ఉన్నాడనుకున్నాం. ఒకరోజు స్నానానికి వెళ్తూ చెయ్యి పైకెత్తితే గడియారం జారి మోచేతి దగ్గర ఆగింది. ముప్పై ఏళ్ళు ఆ మణికట్టుకు బిగువుగా ఉన్న గడియారం. కండ అంతా కరిగిపోయింది, ఆ బరువును కడుపులో నీరు పూడ్చింది.

లివర్ అమ్మోనియాను శుభ్రం చేయలేనప్పుడు కండరాలు కొంత భాగం ఆ పని చేస్తాయి. కండ పోతే మసక పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయి. అందుకే ఇప్పుడు డాక్టర్లు చెప్పే లెక్క, నీరు లేని బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు.

చేతి లెక్కలు: ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు. గ్లాసు పాలల్లో 7. పిడికెడు పచ్చి పప్పులో, అంటే 30 గ్రాముల్లో, 7. గుప్పెడు పల్లీల్లో 7. సోయా ముక్కలు 30 గ్రాములైతే 15. పచ్చి చికెన్ లేదా చేప 100 గ్రాములైతే 18 నుంచి 20.

బాపు ఒక రోజు తిండి ఇలా ఉంటుంది:

- 6:30 గ్లాసు పాలు
- 8:30 రెండు పెసరట్లు, ఉప్పు లేని అల్లం చట్నీ
- 11:00 ఉడికించిన పల్లీలు, పల్చటి చల్ల
- 1:30 అన్నం, గట్టి పప్పు, సొరకాయ కూర, పెరుగు
- 4:30 రెండు ఉడికించిన గుడ్లు
- 7:30 జొన్న రొట్టెలు, చేప లేదా చికెన్ కూర, లేదంటే సోయా ముక్కల కూర
- 10:00 పాలతో రాగి జావ

మొత్తం 80 గ్రాములు దాటుతుంది. కడుపులో నీరుంటే రెండు ముద్దలకే నిండిపోతుంది. అందుకే పూటలు ఎక్కువ, కొలత తక్కువ. పగలు మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉంచొద్దు.

ఈ పట్టికలో ఏది వదిలినా ఆ రాత్రి 10 గంటల జావ మాత్రం వదలొద్దు. మామూలు లివర్ రాత్రికి సరిపడా చక్కెరను దాచుకుంటుంది. గట్టిపడ్డ లివర్ దాచుకోలేదు. అర్ధరాత్రికే నిల్వ అయిపోయి ఒళ్ళు కండను తినడం మొదలుపెడుతుంది. ఈ జబ్బులో ఒక్క రాత్రి పస్తు ఆరోగ్యవంతుడి మూడు రోజుల పస్తుతో సమానమని డాక్టర్లు చెప్తారు. రాగి జావ, ఉప్మా, పాలు రొట్టె, ఏదైనా సరే, దాదాపు 50 గ్రాముల పిండిపదార్థం ఉండాలి. షుగరు ఉన్నవాళ్ళకూ ఇది కావాలి. చక్కెర, బెల్లం వేయకుండా ఇచ్చి, మందును దానికి తగ్గట్టు డాక్టర్‌తో సరిచేయించుకోండి.

కాబట్టి ఒక్కపొద్దులు మానాల్సిందే. బాపు శనివారం ఒక్కపొద్దు నలభై ఏళ్ళ అలవాటు. ఆపమంటే బాధపడ్డాడు. ఇప్పుడు శనివారం పొద్దున పాలు తాగి దీపం పెడతాడు.

సగం ఉడికిన చేప, పీత, గుడ్డు, కాచని పాలు, రోడ్డు పక్కన కోసిపెట్టిన పండ్లు వద్దు. ఈ మనుషులకు చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా పెద్దదవుతుంది.

6. మోషన్ మందు, బుర్ర మసక

పేగుల్లో తయారయ్యే అమ్మోనియాను లివర్ ఆపలేకపోతే అది మెదడుకు చేరుతుంది. డాక్టర్లు దీన్ని ఎన్‌సెఫలోపతి అంటారు. మొదటి గుర్తులు చాలా చిన్నవి: పగలు నిద్ర, రాత్రి మెలకువ, ఊరికే కోపం, చొక్కా గుండీలు తప్పు పెట్టుకోవడం, చెప్పిందే చెప్పడం, చేతులు ముందుకు చాపితే గద్ద రెక్కల్లా టపటపలాడటం. ఇంట్లోవాళ్ళు "ముసలితనం, చాదస్తం" అని వదిలేస్తారు.

దీనికి ఇచ్చే లాక్టులోజ్ సిరప్ మలబద్ధకం మందు అనుకుని చాలామంది "మోషన్ బాగానే అవుతోంది కదా" అని ఆపేస్తారు. మోషన్ అవ్వడమే ఆ మందు చేసే చికిత్స. లక్ష్యం రోజుకు రెండు మూడు మెత్తటి మోషన్లు.

డాక్టర్‌తో ముందే మాట్లాడి ఇలాంటి చీటీ రాయించుకోండి:

- రోజుకు ఒక్కసారే అయితే: ఒక మోతాదు పెంచాలి
- రెండు మూడు సార్లయితే: అలాగే కొనసాగించాలి
- నాలుగు దాటి నీళ్ళలా అయితే: తగ్గించాలి, ఆపేయకూడదు
- ఒక్కసారీ కాక, మనిషి మందంగా ఉంటే: దవాఖానకు

ఎక్కువ విరేచనాలైనా ప్రమాదమే. ఒంట్లో నీరు పోయి మసక మళ్ళీ వస్తుంది. తీపి వల్ల వాంతి వచ్చినట్టుంటే చల్లటి నీళ్ళలోనో నిమ్మరసంలోనో కలిపి ఇవ్వండి. పేగుల్లో అమ్మోనియా తగ్గించే రిఫాక్సిమిన్ మాత్ర కూడా రాస్తే ఖరీదని మధ్యలో మానకండి. కొనలేని పరిస్థితి ఉంటే ఆ మాటే డాక్టర్‌కు చెప్పండి.

జగిత్యాలలో పెళ్ళికి వెళ్ళినప్పుడు, బస్సులో బాత్రూమ్ ఇబ్బంది అని రెండు రోజులు మేమే సిరప్ ఆపాం. రెండో రాత్రి బాపు మంచం మీద లేచి కూర్చుని టికెట్, టికెట్ అంటూ చీకట్లో చెయ్యి చాపాడు. కోడళ్ళు నవ్వారు. నాకు కాళ్ళు వణికాయి. ఆ రాత్రే కరీంనగర్ దవాఖానకు తీసుకెళ్ళాం. అప్పటినుంచి ప్రయాణమైతే డైపర్ వేస్తాం గానీ సిరప్ ఆపం.

మసక వచ్చినప్పుడు దాన్ని లేపిన కారణం వెతకాలి: మలబద్ధకం, ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం, నీరు పోయే మాత్ర ఎక్కువవడం, నిద్రమాత్ర. ప్రోటీన్ ఎక్కువైందని పప్పు ఆపడం పాత పద్ధతి.

ఒకసారి ఇలా వచ్చిన మనిషి బండి నడపకూడదు. రైతు అయితే బావి దగ్గరికి, మోటర్ స్టార్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళనివ్వకండి. పత్తికి, మిరపకు మందు కొట్టే పని మరొకరు చేయాలి.

7. నోట్లో వేయకూడనివి

నొప్పి మాత్రలు మొదటివి. డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, ఏదీ వద్దు. ఇవి కిడ్నీలను దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెస్తాయి. మందుల షాపులో "ఒంటినొప్పులకు రెండు మాత్రలు" అని అడిగితే వచ్చేది ఎక్కువసార్లు ఇవే. పారాసిటమాల్ డాక్టర్ సరేనంటే రోజంతా కలిపి 2 గ్రాముల లోపు, అంటే 650 మాత్రలు మూడుకు మించకూడదు. నిద్రమాత్రలు, మత్తు తెచ్చే జలుబు మాత్రలు అడగకుండా వద్దు.

పసరు మందు గురించి గట్టిగా చెప్పాల్సి ఉంది. కామెర్లకు పసరు పోయించుకోవడం మన దగ్గర మామూలు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. సిరోసిస్ లివర్‌కు ఆ వెసులుబాటు లేదు. తిప్పతీగ, అశ్వగంధ వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ళ గురించి మన దేశం నుంచే వైద్య నివేదికలు ఉన్నాయి. ఆకుమందు ఇస్తున్న పెద్దాయన మంచివాడే కావొచ్చు. ఆయనకు నమస్కారం పెట్టి, మందు మాత్రం వద్దనండి.

మద్యం పూర్తిగా బంద్. "కల్లు చలువ, అది మందు కాదు" అనే మాట మా ఊళ్ళో ఇంకా ఉంది. కల్లూ ఆల్కహాలే. పైగా తెలంగాణలో చాలాచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపాం లాంటి మత్తుమందులు కలిపిన కేసులు బయటపడ్డాయి. అవి నిద్రమాత్రల్లోని మందులే, మసకను నేరుగా తెస్తాయి. అయితే రోజూ తాగే మనిషిని ఇంట్లో ఒక్కసారిగా ఆపించొద్దు. చేతులు వణకడం, ఫిట్స్, భ్రమలు వస్తాయి, ప్రాణం మీదికి రావొచ్చు. డాక్టర్ చేతిలో పెట్టి ఆపించండి.

8. ఒళ్ళు కదలడం, దురద, పిక్కలు, నిద్ర

రోజుకు రెండుసార్లు నడక. మేము భద్రకాళి బండ్ మీద పొద్దున పది నిమిషాలతో మొదలుపెట్టాం, ఇప్పుడు అరగంట. బయటికి రాలేనివాళ్ళు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, ఐదుసార్ల నుంచి మొదలుపెట్టండి. బియ్యం మూటలు, నీళ్ళ బిందెలు ఎత్తొద్దు. బొడ్డు దగ్గర ఉబ్బు ఉంటే, చర్మం పల్చబడి మెరుస్తుంటే, డాక్టర్‌కు చూపించండి.

దురదకు గోరువెచ్చని నీళ్ళు, స్నానం కాగానే కొబ్బరినూనె, నూలు బట్టలు, కత్తిరించిన గోళ్ళు. తగ్గకపోతే మందుంది. కొలెస్టిరమిన్ పొడి రాస్తే మిగతా మాత్రలకు దానికి నాలుగు గంటల ఎడం పెట్టాలి.

రాత్రి పిక్కలు పట్టేస్తే కాలు చాపి పాదాన్ని మోకాలి వైపుకు లాగండి. తరచూ వస్తుంటే రక్తంలో లవణాలు చూడాలి. నీరు పోయే మాత్రలు పొద్దున్నే వేయండి, రాత్రి నిద్ర దక్కుతుంది. పగటినిద్ర అరగంట దాటనివ్వకుండా ఎండపొడలో కూర్చోబెట్టండి.

9. వెంటనే 108 కు ఫోన్ చేయాల్సినవి

- రక్తపు వాంతి, లేదా తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో మోషన్ (ఐరన్ మాత్రలకూ నలుపు వస్తుంది, కానీ తారులా జిగటగా ఉండదు)
- లేపితే లేవకపోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం
- కడుపులో నీరున్న మనిషికి జ్వరం, కడుపునొప్పి
- మూత్రం బాగా తగ్గిపోవడం
- ఊపిరి ఆడకపోవడం

రక్తం పడినప్పుడు నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. రాత్రిపూట ఎండోస్కోపీ చేసే దవాఖాన ఏదో ఈ రోజే కనుక్కుని నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ లోపలి ఊళ్ళవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. దారిలో దవాఖానలు మారుతూ పోతే గంటలు పోతాయి.

కడుపులో నీరున్నప్పుడు జ్వరం వస్తే ఆ నీటిని సూదితో తీసి పరీక్ష చేయించాలి. నీళ్ళు తీస్తే మళ్ళీ చేరుతుందని ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. తీసినందుకు చేరదు, జబ్బు వల్ల చేరుతుంది. ఒకేసారి 5 లీటర్లు దాటి తీస్తే అల్బుమిన్ అనే ప్రోటీన్ ద్రవం ఎక్కిస్తారు, దాన్ని వద్దనకండి.

10. పరీక్షలు, కార్డులు, మార్పిడి మాట

- 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్, దాంతోపాటు ఏఎఫ్‌పీ రక్తపరీక్ష. లివర్ క్యాన్సర్‌ను చిన్నగా ఉన్నప్పుడే పట్టడానికి. బాగున్నామని మానకూడదు
- ఎండోస్కోపీ, డాక్టర్ చెప్పిన తేదీకి
- హెపటైటిస్ ఏ, బీ, ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగడం
- ఆరోగ్యశ్రీ: 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు. ఆధార్, కార్డుల జిరాక్సులు ఫైల్లోనే ఉంచండి

రక్తపరీక్షల్లో వచ్చే బిలిరుబిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్ అంకెలతో మెల్డ్ అనే స్కోరు లెక్కిస్తారు. అది 15 దాటినా, నీరు, రక్తపు వాంతి, మసకల్లో ఏ ఒక్కటి వచ్చినా లివర్ మార్పిడి చేసే డాక్టర్‌ని ఒకసారి కలవాలి. కలిస్తే ఆపరేషన్ చేసేస్తారని కాదు. మరీ ఆలస్యమైతే ఆపరేషన్ తట్టుకునే ఒళ్ళు ఉండదు. చనిపోయిన దాతల నుంచి అవయవం కోసం రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయిస్తారు. ఇంట్లోవాళ్ళు లివర్‌లో కొంత భాగం ఇచ్చే దారి కూడా ఉంది. ఇచ్చినవాళ్ళ లివర్ తిరిగి పెరుగుతుంది.

11. మనసు

"లివర్ పోయిందంటే తాగుడే" అని ముఖం మీదే అడిగిన చుట్టాలున్నారు. బాపు చాలారోజులు గడప దాటలేదు. తాగి తెచ్చుకున్న మనిషి అయినా సరే, జబ్బుతో పోరాడుతున్నప్పుడు ఆ మాట అనడం వల్ల ఒక్క మెతుకు కూడా ఎక్కువ తినడు.

దీర్ఘకాల లివర్ జబ్బు ఉన్నవాళ్ళ జీవితం ఎలా ఉందో తెలుసుకోవడానికి 1999లో 29 ప్రశ్నల పట్టిక ఒకటి తయారు చేశారు. గత రెండు వారాల్లో అలసట, కడుపు ఇబ్బంది, నిద్ర, చేయగలిగిన పని, దిగులు, భయం ఎలా ఉన్నాయని అడుగుతుంది. రిపోర్టుల్లో అంకెలు బాగున్నా మనిషి బాగా లేకపోవచ్చని దాన్ని చూశాకే నాకు అర్థమైంది. మేము రెండు వారాలకోసారి ఆదివారం మూడు మాటలే అడుగుతాం: ఏ పని చేయలేకపోయావు? దేనికి భయపడ్డావు? ఏం తినాలనిపించింది? జవాబు నోట్‌బుక్‌లో రాసి డాక్టర్‌కు చదివి వినిపిస్తాను. "ఇంటి బరువైపోయాను" అని పదేపదే అంటుంటే 14416 కు ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చూసుకునే మనిషికి వారంలో ఒక పూట సెలవు కావాలి. అమ్మ బుధవారం మధ్యాహ్నం చెల్లెలింటికి వెళ్తుంది. ఆ పూట మాత్రలడబ్బా నాది.

12. పండుగలు, ప్రయాణాలు

ఇంట్లో కూర్చోబెట్టడం పరిష్కారం కాదు. దసరాకు యాట కూర తినొచ్చు, వాళ్ళ ముక్కలు ఉప్పు లేకుండా పక్కన ఉడికించండి. సంక్రాంతి సకినాలు మూడు నాలుగు, ఉప్పు లేని పిండితో వేరుగా చుట్టండి. అమ్మ వాటికి గుర్తుగా మధ్యలో చిన్న చుక్క పెడుతుంది. మేడారం జాతర రద్దీ మాత్రం తప్పించి, ముందో వెనకో వెళ్ళండి. రద్దీ, బయటి నీళ్ళు, బాత్రూమ్ ఇబ్బంది, మూడూ కలిస్తే కష్టం.

ప్రయాణపు సంచి:

- మందులు రెండు రోజులు ఎక్కువగా, లాక్టులోజ్ సీసా ప్లాస్టిక్ కవర్లో
- మందుల చీటీ, చివరి రిపోర్టు, ఆరోగ్యశ్రీ జిరాక్స్
- ఉడికించిన గుడ్లు, ఉప్పు లేని పల్లీలు, కాచి చల్లార్చిన నీళ్ళు
- డైపర్లు రెండు, ఒక లుంగీ
- ఉప్పు భరిణె

సికింద్రాబాద్‌లో చూపించుకోవాలంటే కాజీపేటలో రైలెక్కించండి, బస్సు కన్నా బాత్రూమ్ సౌకర్యం ఉంటుంది. రాత్రి 10 గంటల జావ తప్పకుండా తిరిగొచ్చే రైలు చూసుకోండి. కరీంనగర్ వెళ్ళాల్సి వస్తే మాత్రం మేము బస్సులోనే వెళ్తాం. కండక్టర్ సీటు వెనక కిటికీ పక్కన బాపును కూర్చోబెడతాను. హసన్‌పర్తి దాటగానే తర్వాతి స్టాపు ఏదో ఆయన్నే అడుగుతాను.